బయోడేటాలో లేని మూడేళ్లు

ప్రొఫెసర్ ప్రమోషన్ ఇంటర్వ్యూలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న నా పరిశోధన గురించి కాదు, నా బయోడేటాలో ఉన్న ఖాళీ గురించి. ఎదురుగా ఐదుగురు. నడుమ కూర్చున్నాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, నాలుగో పేజీని వెలుతురుకు ఎత్తి చూశారు, కంటికి ఆనని అక్షరాలేవో అక్కడ ఉన్నట్టు.

“ఈ మూడేళ్లలో ఒక్క పేపరూ లేదు. ఒంట్లో బాగుండలేదా?”

“బాగానే ఉందండి. ఒక మధ్యవర్తిత్వంలో ఉన్నాను.”

“ఎవరెవరి మధ్య?”

“చెప్పకూడదండి.”

“పోనీ, చివరికి ఏమైంది?”

“తెగిపోయింది.”

ఆయన ఏదో రాసుకున్నారు. ఆ ఏడాది ప్రమోషన్ రాలేదు. రెండేళ్ల తర్వాత, మూడు పేపర్ల పుణ్యమా అని వచ్చింది. ఆ మూడింట్లో రెండు ఇప్పుడు నాకే చదవబుద్ధి కాదు.

చాలాకాలం ఈ కథని ఒకే తీరులో చెప్పేవాణ్ణి. అందులో నేను త్యాగమూర్తిని, వాళ్లు గుమాస్తాలు. వినేవాళ్లు కూడా “అయ్యో” అనేవాళ్లు. ఇప్పుడలా చెప్పడం మానేశాను. ఎందుకు మానేశానో తెలియాలంటే, పాతికేళ్లుగా నేను జీతం తీసుకుంటున్న ఈ సంఘర్షణ పరిష్కారం, శాంతి నిర్మాణం అనే చదువు ఏమిటో, ఇందులో పైకి రావడమంటే ఏమిటో, చేసిన పనిలో ఏది రాయొచ్చు ఏది రాయకూడదు అన్న మా పాత పేచీ ఏమిటో కొంచెం చెప్పాలి.

ఈ ఉద్యోగాన్ని తెలుగులో వివరించడం కష్టమని మొదట్లో అనుకునేవాణ్ణి. పొరపాటు. మన మాటల్లో ఈ శాస్త్రం సగం ముందే ఉంది. తగవు అంటే పాత తెలుగులో న్యాయం. తగవరి అంటే న్యాయం చెప్పేవాడు. ఆ తగవే వాడుకలో అరిగి తగువై, చివరికి కొట్లాట అనే అర్థంతో మిగిలింది. ఒకడు న్యాయం అడగడం అవతలివాడికి పోట్లాటగా ఎలా వినపడుతుందో మేము సెమిస్టరంతా చెబుతాం. ఆ మాట తన బతుకులోనే చూపించేసింది.

సంధి ఇంకా తమాషా. ముందున్న అచ్చూ తర్వాతి అచ్చూ కలిసే చోట తర్వాతిదే నిలుస్తుందని వ్యాకరణం. రాముడు, ఇతడు కలిస్తే రాముడితడు. రాముడి చివర ఉన్న ఉకారం ఎటు పోయిందని ఎవరూ అడగరు, అదేమీ ఫిర్యాదు చేయదు. దేశాల మధ్య జరిగిన సంధుల్లో కూడా చాలావాటికి సరిగ్గా ఇదే సూత్రం వర్తిస్తుంది. తేడా ఏమిటంటే, అక్కడ లోపించిన ఉకారం ఇరవై ఏళ్ల తర్వాత తుపాకీ పట్టుకుని తిరిగొస్తుంది.

ఇబ్బంది పెట్టే మాటలూ ఉన్నాయి. నార్వే శాంతి పరిశోధకుడు యోహాన్ గాల్టుంగ్ 1969లో ఒక వ్యాసంలో చెప్పిన హింస ఉంది. ఎవరూ ఎవరినీ కొట్టరు, కానీ సమాజం అమరిన తీరు వల్లే కొందరు తొందరగా చచ్చిపోతారు. దాన్ని తెలుగులో నిర్మాణాత్మక హింస అని రాస్తున్నారు. నిర్మాణాత్మకం అనగానే మనకు తట్టేది నిర్మాణాత్మక సూచన, నిర్మాణాత్మక విమర్శ. అంటే మంచి చేసే హింస అన్నమాట! వ్యవస్థాగత హింస అనండి అని మొత్తుకుంటూనే ఉన్నాను. ఇది ఇక్కడితో వదిలేస్తాను.

చదువుగా దీని వయసు చిన్నది. 1957లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆర్థికవేత్త కెన్నెత్ బౌల్డింగ్, ఆయన సహచరులు కలిసి సంఘర్షణ పరిష్కారం పేరుతో ఒక పత్రిక మొదలుపెట్టారు. 1959లో ఓస్లోలో గాల్టుంగ్ శాంతి పరిశోధన సంస్థ పెట్టారు. 1971లో స్వీడన్‌లోని ఉప్సాలాలో ఒక విభాగం, 1973లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఇంకొకటి. ఆ తర్వాత 1980లలో అమెరికాలో వరసగా. అంటే మొదటి తరంలో ఈ సబ్జెక్టు చదివి ఇందులోకి వచ్చినవాళ్లంటూ ఎవరూ లేరు. చదవడానికి సబ్జెక్టే లేదు. అందరూ ఎక్కణ్ణుంచో దారి తప్పి వచ్చినవాళ్లే.

జాన్ బర్టన్ 32 ఏళ్ల వయసులో ఆస్ట్రేలియా విదేశాంగ శాఖకు కార్యదర్శి అయ్యారు. ఆ తర్వాత రాజకీయాలూ ప్రయత్నించి, నడివయసులో లండన్‌లో పాఠాలు చెప్పడానికి వచ్చారు. గాల్టుంగ్ లెక్కలూ సమాజశాస్త్రమూ చదివారు, సైన్యానికి బదులు చేసే సేవలో మిగిలిన కాలం శాంతి పనే చేస్తానని పట్టుబట్టినందుకు ఆరు నెలలు జైల్లో ఉన్నారు. ఎలీజ్ బౌల్డింగ్ ఐదుగురు పిల్లల్ని పెంచుతూ, వివిధ దేశాల శాంతి పరిశోధకుల మధ్య ఉత్తరాలు, వార్తా పత్రాలు నడిపి, యాభైకి దగ్గరపడ్డాక 1969లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. ఆ మధ్య ఒక యువ సహోద్యోగి నాతో, “సార్, వీళ్లలో ఒక్కరు కూడా ఇవాళ మన డిపార్ట్‌మెంట్ షార్ట్‌లిస్టులోకి రారు” అంది. నవ్వాను గానీ, ఇంటికెళ్లాక లెక్క వేసి చూశాను. నిజమే. ఒక్క గాల్టుంగ్ వస్తారు. ఆయన రాయడమంటే ఊపిరి తీసుకోవడం లాంటిది, వందకు పైగా పుస్తకాలున్నాయి.

వీళ్లందరిలో నేను ఎక్కువగా ఆలోచించేది ఆడమ్ కర్ల్ గురించి. 1916లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, శత్రువుల చెరలోంచి తిరిగొచ్చిన సైనికులు ఇళ్లలో ఇమడలేకపోతుంటే వాళ్లతో పనిచేశారు. మనస్తత్వశాస్త్రం, విద్య, అభివృద్ధి, ఇలా తిరిగి తిరిగి హార్వర్డ్ చేరారు. 1967లో నైజీరియాలో అంతర్యుద్ధం మొదలైంది, దాని తూర్పు ప్రాంతం బియాఫ్రా పేరుతో విడిపోతానంది. కర్ల్, మరికొందరు క్వేకర్లు (యుద్ధాన్ని ఒప్పుకోని ఒక క్రైస్తవ శాఖవాళ్లు) ఆ యుద్ధం నడిచినంత కాలం ఇటు ఫెడరల్ ప్రభుత్వాన్ని నడిపిన గోవన్ దగ్గరికీ, అటు బియాఫ్రా నాయకుడు ఓజుక్వు దగ్గరికీ తిరిగారు. వాళ్ల చేతిలో సైన్యం లేదు, డబ్బు లేదు, బెదిరించడానికి ఏమీ లేదు. ఇటు మాట అటు, అటు మాట ఇటు, రంగు మారకుండా చేర్చడం ఒక్కటే వాళ్ల పని.

చివరికేమైంది? చర్చలతో ఆ యుద్ధం ఆగలేదు. 1970 జనవరిలో బియాఫ్రా లొంగిపోయింది. ఏ ఒప్పందం కిందా కర్ల్ సంతకం లేదు. నన్ను ఇంటర్వ్యూ చేసిన ఐదుగురి ముందు ఆయన కూర్చుని ఉంటే, ఆయన కూడా “తెగిపోయింది” అనే చెప్పాల్సి వచ్చేది. అయితే యుద్ధం ముగిసిన రోజున గోవన్ “విజేత లేడు, పరాజితుడు లేడు” అని ప్రకటించాడు. అందరూ భయపడినంత ప్రతీకారం జరగలేదు. దాన్లో కర్ల్ బృందం పాలు ఎంత? కొంత ఉందని ఆ చరిత్ర చదివిన కొందరంటారు. ఎంతో తూచే త్రాసు మాత్రం లేదు.

ఆ కర్ల్‌నే 1973లో బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పిలిచి, బ్రిటన్‌లో మొట్టమొదటి శాంతి అధ్యయనాల ప్రొఫెసర్‌ని చేసింది. ఆయన హార్వర్డ్ వదులుకుని వచ్చారు, ఐదేళ్లు చేసి 1978లో రిటైరయ్యారు. డెబ్భై ఐదు దాటాక, యుగోస్లావియా ముక్కలైన రోజుల్లో, క్రొయేషియాలోని ఓసియెక్ పట్టణంలో శాంతి కోసం పనిచేస్తున్న చిన్న గుంపుకు తోడుగా వెళ్లివస్తూ ఉన్నారు. కెరీర్ అంటే నిచ్చెన అనుకునేవాళ్లకి ఈయన బతుకు గీసి చూపించడం కష్టం.

ఇక్కడ నాకు నచ్చిన విషయం ఇంకొకటుంది. దాన్ని చాలా ఏళ్లు నేను కావాలనే పక్కన పెట్టాను. కర్ల్ నోరు మూసుకుని కూర్చోలేదు. తర్వాత రాశారు. ఎవరు ఎప్పుడు ఏ రహస్యం చెప్పారో కాదు. మధ్యవర్తి లోపల ఏం జరుగుతుందో రాశారు. ఓర్పు ఎలా సడలుతుంది, నేను లేకపోతే ఇది జరగదనే అహం ఎక్కణ్ణుంచి వస్తుంది, తన మనసే కుదురుగా లేనివాడు ఇంకొకరిని ఎలా కుదుటపరుస్తాడు. నైజీరియాలో క్వేకర్లు చేసిన పని గురించి కూడా వాళ్లలో వాళ్లే కొన్నేళ్లాగి వివరంగా రాసి పెట్టారు. ఆగారు, కానీ రాశారు. నేను ఆగడం మాత్రమే నేర్చుకున్నాను.

ఇప్పుడు, రెండు పక్షాల్నీ కూర్చోబెట్టే గది గురించి. బర్టన్ 1965లో ఒక ప్రయోగం చేశారు. అప్పట్లో ఇండోనేషియాకీ మలేషియాకీ సింగపూర్‌కీ మధ్య ఘర్షణ నడుస్తోంది. వాళ్ల ప్రభుత్వాలు నామినేట్ చేసినవాళ్లను లండన్‌లో ఒక గదిలో కూర్చోబెట్టారు, పక్కన కొంతమంది సమాజశాస్త్రవేత్తల్ని ఉంచారు. బేరసారాలు లేవు. మీ కోపం దేనికి, మీ భయం దేనికి అని తవ్వుకుంటూ పోవడమే. మరుసటి ఏడాది సైప్రస్ గ్రీకులతో, తుర్కులతో అలాంటిదే ఇంకొకటి. ఆ రెండోదానికి హెర్బర్ట్ కెల్మన్ అనే మనస్తత్వవేత్త వెళ్లారు. 1927లో వియన్నాలో పుట్టి, నాజీల నుంచి చిన్నతనంలోనే కుటుంబంతో తప్పించుకున్న మనిషి. బర్టన్ గదిని చూశాక, మిగతా జీవితమంతా ఆ గదిని చెక్కుతూనే గడిపారు, ముఖ్యంగా ఇజ్రాయెలీల, పాలస్తీనీయుల మధ్య.

కెల్మన్ గదికి కొన్ని షరతులున్నాయి. ఒక్కో వైపు నుంచి కొద్దిమందే రావాలి. వాళ్లు పదవుల్లో ఉన్నవాళ్లు కాదు, పదవుల్లో ఉన్నవాళ్ల చెవి దగ్గరికి వెళ్లగలిగినవాళ్లు. అసలు సమావేశానికి ముందు ఒక్కో పక్షంతో విడిగా మాట్లాడాలి. బయటివాళ్ల చెవి ఉండకూడదు, వినేవాళ్లుంటే మనిషి ఎదుటివాడితో మాట్లాడడు, వాళ్లతో మాట్లాడతాడు. ఎవరేమన్నారో బయటికి వెళ్లకూడదు. ప్రొఫెసరు పరిష్కారం చెప్పకూడదు. ఈ చివరిది ప్రొఫెసర్లకి ఎంత కష్టమో వేరే చెప్పాలా! జీవితమంతా జవాబు చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి పిలిచి, నీకు తెలిసిన జవాబు నీ దగ్గరే పెట్టుకో అంటున్నారు.

ఆ గదుల్లోంచి సంతకాలు రాలేదు. అక్కడ కూర్చున్న కొందరు 1990లలో అధికారిక చర్చల్లో కనపడ్డారు. 1993 సెప్టెంబరు 13న ఓస్లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి, మరుసటి ఏడాది అరాఫత్, పెరెజ్, రాబిన్‌లకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. నార్వేలో ఆ రహస్య చర్చలు మొదలుపెట్టింది కూడా ఇద్దరు ఇజ్రాయెలీ విద్యావేత్తలే, యాయిర్ హిర్ష్‌ఫెల్డ్, రాన్ పుందాక్. ఆ పేర్లు ఈ రంగం బయట ఎంతమందికి తెలుసు? తర్వాత ఆ ఒప్పందం ఏ గతి పట్టిందో అందరికీ తెలుసు. ఫలితంతోనే కొలుస్తామంటే, ఏ సంవత్సరం నిలబడి కొలవాలి? 1993లోనా, 2000లోనా, ఇవాళా?

ఈ కొలత గొడవకి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ పెరూ, ఈక్వడార్ సరిహద్దు. 1995లో కూడా ఆ అడవి కోసం యుద్ధం చేసుకున్నారు. గాల్టుంగ్ అప్పుడొక సలహా ఇచ్చారు: ఆ వివాదాస్పద భూమిని ఇద్దరిదీ చేయండి, అభయారణ్యంగా ఉంచండి. 1998 అక్టోబరులో కుదిరిన ఒప్పందంలో సరిహద్దుకు రెండు పక్కలా పర్యావరణ పార్కులు వచ్చాయి. అంతకంటే ముచ్చటైన ఏర్పాటు ఇంకొకటుంది. ఈక్వడార్ సైనికులు ప్రాణాలు కోల్పోయిన తివింజా అనే చోట ఒక చదరపు కిలోమీటరు నేలను పెరూ ఈక్వడార్‌కి ఇచ్చింది, కానీ దేశంగా కాదు, సొంత ఆస్తిగా. జెండా పెరూదే, పట్టా ఈక్వడార్‌ది. సార్వభౌమాధికారాన్నీ యాజమాన్యాన్నీ అలా విడదీసిన బుర్ర ఎవరిదో గానీ దండం పెట్టాలి.

మరి ఈ ఘనత ఎవరి ఖాతాలో వేయాలి? గాల్టుంగ్ తన కథ చెప్పుకున్నారు. హామీదారులుగా నిలబడ్డ అర్జెంటీనా, బ్రెజిల్, చిలీ, అమెరికా దౌత్యవేత్తలు మూడేళ్లు తిరిగారు. మేరీలాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు రెండు దేశాల పౌర సమాజం వాళ్లని కూర్చోబెట్టి వర్క్‌షాపులు నడిపారు. ఇద్దరు అధ్యక్షులు తమ రాజకీయ భవిష్యత్తు పణంగా పెట్టారు. దీన్ని ఎవరి బయోడేటాలోనైనా ఒక్క లైనుగా రాస్తే ఆ లైను అబద్ధమే. అలాగని ఎవరూ రాయకపోతే, తర్వాతివాళ్లకి తివింజా లాంటి ఉపాయం ఒకటుందనే తెలియదు.

గోప్యతే గొప్ప, బహిరంగంగా చేసేదంతా పైపై పని అనుకుంటే అదీ తప్పే. కొలంబియాలో 2016లో ప్రభుత్వానికీ ఫార్క్ గెరిల్లాలకీ ఒప్పందం కుదిరింది. ప్రజల ముందు పెడితే అక్టోబరు 2న అర శాతం కంటే తక్కువ తేడాతో ఓడిపోయింది. మార్పులు చేసి నవంబరులో మళ్లీ సంతకాలు చేశారు. అందులో ఏది అమలైంది, ఏది కాలేదు అని లెక్కపెట్టే బాధ్యతను ఒప్పందంలోనే ఒక విశ్వవిద్యాలయానికి రాసిచ్చారు: అమెరికాలో నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలోని క్రాక్ సంస్థకి. వాళ్లు ఆ ఒప్పందాన్ని 578 హామీలుగా విడగొట్టి, ఒక్కొక్కటీ మొదలైందా, సగంలో ఉందా, పూర్తయిందా అని ఏడాదికేడాది నమోదు చేస్తూ వచ్చారు. చూడ్డానికి గుమాస్తా పనే. కానీ “మీరు మాట తప్పారు” “లేదు మీరే తప్పారు” అనుకునే రెండు పక్షాల మధ్య, 578 గళ్ల పట్టిక కూడా ఒక మధ్యవర్తే. ఇందాక గుమాస్తాలని తక్కువ చేసి మాట్లాడిన మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఉద్యోగంగా దీని రోజువారీ బాగోగులు త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందులో పెద్ద విశేషం లేదు. పాఠాలు, పరీక్షలు, గ్రాంట్ల దరఖాస్తులు. గ్రాంటు రెండేళ్లకో మూడేళ్లకో వస్తుంది. ఒక సమాజం కొట్లాటలో కూరుకుపోవడానికి ఎంతకాలం పట్టిందో, బయటికి రావడానికీ ఇంచుమించు అంత పడుతుందని అమెరికన్ మధ్యవర్తి, ప్రొఫెసర్ జాన్ పాల్ లెడరాక్ ఎప్పటినుంచో చెబుతున్నారు. మూడు తరాల పగకి మూడేళ్ల బడ్జెట్. చివర్లో దాతలకు పంపే నివేదికలో, ఎన్ని వర్క్‌షాపులు జరిగాయి, ఎంతమంది వచ్చారు, అందులో ఆడవాళ్లెందరు. వచ్చినవాళ్లు ఇంటికెళ్లాక ఏం మాట్లాడుకున్నారనే గడి ఉండదు.

ఉప్సాలా వాళ్ల లెక్కలో ఏడాదికి 25 మంది పోరాటంలో చనిపోతే అది సాయుధ సంఘర్షణ, 1000కి చేరితే యుద్ధం. పరిశోధనకి ఏదో ఒక గీత గీయక తప్పదు, ఆ గీత వల్లే దేశాల మధ్య పోలిక సాధ్యమైంది, ఒప్పుకుంటాను. కానీ 24 దగ్గర ఆగిన చోట ఎవరో ఒకరు ఏదో చేసే ఉంటారు కదా! ఆ ఎవరో మా పట్టికల్లో ఎప్పటికీ కనిపించరు.

విద్యార్థులు ఈ కోర్సులో ఎందుకు చేరతారంటే, చాలామందికి లోకాన్ని బాగుచేయాలని ఉంటుంది. మంచిదే. మొదటి వారంలోనే నేను వాళ్ల ఉత్సాహం మీద కొంచెం నీళ్లు చల్లుతాను. కాంగోలో శాంతి దళాలూ స్వచ్ఛంద సంస్థలూ ఎలా పనిచేశాయో దగ్గరుండి చూసిన సెవెరీన్ ఒతెస్సేర్ రాసినవి చదివిస్తాను. బయటి నుంచి వచ్చిన నిపుణులు తమలో తాము మసులుతూ, స్థానికుల భాష రాకుండా, రాజధానిలోని నాయకుల్ని కూర్చోబెడితే కింద అంతా సర్దుకుంటుందనుకున్నారు. కింద మాత్రం గొడవ నేల గురించీ, పక్క ఊరితో హద్దు గురించీ నడుస్తూనే ఉంది. చదివాక పిల్లలు డీలా పడతారు. కొందరు వేరే కోర్సుకి మారిపోతారు. మిగిలినవాళ్లతోనే నాకు పని.

అలా మిగిలినవాళ్లలో ఒకమ్మాయి అయిదారేళ్ల కిందట నన్ను నిలదీసింది. గోప్యత గురించి పాఠం చెబుతున్నాను. మధ్యవర్తి ఉప్పులాంటివాడు, కరిగిపోవాలి, కనపడకూడదు, ఇలాంటివేవో దంచుతున్నాను. నా మూడేళ్ల గురించి కూడా, వివరాల్లేకుండా, కొంచెం వినయం కలిపి చెప్పాను. వినయంతో చెప్పే గొప్పలు ఎలా ఉంటాయో మీకు తెలుసు.

“మరి అది ఎందుకు తెగిపోయింది సార్?” అంది.

“అది చెప్పకూడదమ్మా.”

“వాళ్లు చేసింది చెప్పొద్దు. మీరేం చేశారో చెప్పండి. మీరు చెప్పకపోతే మేమూ అదే చేస్తాం కదా.”

క్లాసు నిశ్శబ్దమైంది. నేను గడియారం చూసుకుని, మిగతాది వచ్చే క్లాసులో అన్నాను. వచ్చే క్లాసులో వేరే పాఠం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి మళ్లీ అడగలేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

నేనేం చేశానో ఇప్పుడు చెబుతాను. రెండు వర్గాలు, మధ్యలో ఒక నీటి వనరు, దాని వెనక పాత చావులు. నాలుగో సమావేశంలో ఒక వైపు పెద్దాయన అవతలివాళ్ల ముఖం చూసి, “మీ మాట మీద మాకు నమ్మకం లేదు, ఉండబోదు” అన్నారు. గదిలో గాలి బిగుసుకుపోయింది. మా చదువులో రీఫ్రేమింగ్ అని ఒక విద్య ఉంది. ముల్లున్న మాటను ముల్లు తీసి అందించడం. అది నాకు బాగా వచ్చని పేరు. వెంటనే అందుకుని, “అంటే వాళ్లకి ఇంకొంచెం భరోసా కావాలంటున్నారు” అన్నాను. అవతలివాళ్ల ముఖాలు విప్పారాయి. “దానికేం, భరోసా ఇస్తాం” అన్నారు. పెద్దాయన కుర్చీ వెనక్కి నెట్టి లేచారు. “నేనన్నది అది కాదు” అని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. ఆయన రానిదే మిగతావాళ్లు రాలేదు.

ఆయన చెప్పింది భరోసా గురించి కాదు. చచ్చిపోయినవాళ్ల గురించి. దాన్ని నేను బేరంలోకి దించాను. ఇలాగే అర్థం చేసుకున్నాను, ఏళ్లుగా లోలోపల ఇలాగే నన్ను నేను తిట్టుకున్నాను. రీఫ్రేమింగ్ పాఠం చెప్పే రోజున నా గొంతు ఎందుకు తగ్గుతుందో విద్యార్థులకి తెలియదు.

ఆ అమ్మాయి మాట తర్వాత తట్టింది, నేను ఇన్నాళ్లూ రెండు వేరువేరు గుట్లను ఒకే మూటలో కట్టి కూర్చున్నానని. గదిలో వాళ్లు చెప్పుకున్నది వాళ్ల గుట్టు. దాన్ని బయటపెట్టే హక్కు నాకు లేదు, యూనివర్సిటీకి లేదు, ఏ పత్రిక సంపాదకుడికీ లేదు. అది బయటికొస్తే వాళ్ల ఊళ్లో వాళ్ల ప్రాణాలకే ముప్పు. ఈ పనిలో ముప్పు మధ్యవర్తి దాకా కూడా వస్తుంది. 1980లలో నికరాగ్వాలో సాండినిస్టా ప్రభుత్వానికీ తూర్పు తీరం తిరుగుబాటుదారులకీ మధ్య తిరిగినప్పుడు లెడరాక్‌కే కాదు, ఆయన కుటుంబానికీ బెదిరింపులు వచ్చాయి. గోప్యత మర్యాద కోసం పెట్టుకున్న నియమం కాదు. కానీ నేను ఏ మాటని ఎలా మార్చాను, ఎక్కడ తొందరపడ్డాను, ఎవరి వైపు ఎక్కువసేపు చూశాను, ఇది నా గుట్టు. దీన్ని దాచుకుని, దాచుకోవడానికి వాళ్ల భద్రతను అడ్డం పెట్టుకున్నాను. డాక్టరు రోగి పేరు చెప్పడు. అంతమాత్రాన కత్తెర కడుపులో మరిచిపోయిన సంగతి కూడా వృత్తి రహస్యమేనంటే ఒప్పుకుంటామా?

కాబట్టి ఆ ఐదుగురితో నా పేచీ ఇప్పుడు మారింది. పేపర్లు లెక్కపెట్టొద్దని నేననను. లెక్కపెట్టండి. కానీ మా రంగంలో పైకి రావాలంటే గెలిచిన కథ రాయాలి, ఓడిన కథకి అచ్చులో చోటు లేదు, మార్కులూ లేవు. దాంతో ఏమవుతుందంటే, రాసేవాళ్లు తివింజాలు రాస్తారు, నాలుగో సమావేశాలు రాయరు. కొత్తగా వచ్చిన పిల్లలు తివింజాలు చదివి, నాలుగో సమావేశంలోకి అడుగుపెడతారు. ఒక మధ్యవర్తి పదేళ్లాగి, మనుషుల ఆనవాళ్లు తీసేసి, ఒప్పుకున్నవాళ్ల అనుమతితో, తాను చేసిన తప్పును ఇరవై పేజీల్లో విప్పి రాస్తే, దాన్ని మూడు పేపర్ల కింద లెక్కకట్టే కమిటీ ఒకటి నాకు కావాలి. ఇప్పుడు అలాంటి కమిటీల్లో నేనే కూర్చుంటున్నాను, కాబట్టి ఇది ఎవరినో అడగడం కూడా కాదు. గత ఏడాది ఒక అభ్యర్థి బయోడేటాలో రెండేళ్ల ఖాళీ కనిపించింది. “ఏం నేర్చుకున్నారు, ఎవరి పేరూ చెప్పకుండా చెప్పండి” అన్నాను. అరగంట చెప్పాడు. పక్కనున్నవాళ్లు పెన్నులు కింద పెట్టేశారు. అతనికి ఉద్యోగం రాలేదు. ఓట్లు నాలుగు ఒకటి. అయినా ఆ అరగంటలో విన్నదాన్ని రెండుసార్లు క్లాసులో వాడుకున్నాను.

ఇక నా వంతు. బీరువా పైన కట్టి పెట్టిన నోట్సు దించి, నాలుగో సమావేశం గురించి రాయడం మొదలుపెట్టాను. ముగించాక, అచ్చుకిచ్చే ముందు, ఆ పెద్దాయన అనుమతి అడగాలి కదా. నంబరు దొరకడానికి రెండు నెలలు పట్టింది. ఎనభై దాటాయి, గొంతు మాత్రం అదే. నేనెవరో చెప్పగానే గుర్తుపట్టారు. రాసింది మొత్తం ఫోన్‌లో చదివి వినిపించాను. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

“రాసుకోండి సార్,” అన్నారు. “పేరు పెట్టకండి, అంతే. కానీ అందులో ఒకటి తప్పుంది.”

“చెప్పండి.”

“నేను లేచింది మీరు మాట మార్చినందుకు కాదు. మీరలాగే మారుస్తారని మాకందరికీ తెలుసు, మొదటి రోజు నుంచీ మారుస్తూనే ఉన్నారు. వాళ్లు భరోసా ఇస్తామన్నారు చూడండి, నాకు సరే అనాలనే ఉంది.”

“మరి?”

“తలుపు తీసి ఉంది. వరండాలో మావాళ్లు నిలబడి వింటున్నారు. నేను సరే అంటే బయట నా మాటకి విలువేముంటుంది? లేవక ఏం చేయను.”

కెల్మన్ షరతులు ప్రతి ఏడూ నా చేత్తో బోర్డు మీద రాస్తాను. ఆ సాయంత్రం నోట్సులో నాలుగో సమావేశం పేజీ తీశాను. ఎవరెక్కడ కూర్చున్నారో బొమ్మ గీసి ఉంది. పదకొండు కుర్చీలు, బల్ల, కిటికీ, కిటికీ పక్కన మంచినీళ్ల కూజా కూడా ఉంది. తలుపు గీయలేదు.